సొనకు అంచు ఉండదు

గుడ్లు వేడిగా ఉండగానే పెంకు తీయడం పోలమ్మకు అలవాటు. గిన్నెలోంచి నేరుగా తీసి, నేలకు ఒకసారి తట్టి, రెండు బొటనవేళ్ళతో ఒలిచేస్తుంది. వేడి ఆమె వేళ్ళకు తెలియదని కాదు. తెలుస్తుంది, కానీ పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు దూరంగా తెలుస్తుంది. పలాసలో ముప్ఫై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేళ్ళవి. కొనలు నల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంటాయి. రేషను డిపోలో మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా పచ్చదీపం వెలగదు. డీలరు విసుక్కుని, "నీకు ఏళ్ళున్నాయి గానీ ముద్దర్లు లేవే పోలమ్మా" అంటాడు. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది.

ఆ గురువారం పద్దెనిమిది గుడ్లు ఉడికించింది. పదిహేడు ఒలిచి, చివరిదాన్ని పెంకుతోనే ఒక కంచంలో పెట్టి పక్కన ఉంచింది. అది సాహిత్యది. ఐదేళ్ళ సాహిత్య ముందే ఒలిచి పెట్టిన గుడ్డు ముట్టుకోదు. తన కళ్ళ ముందే ఒలవాలి. ఒలుస్తున్నంతసేపూ గుడ్డును కాకుండా పోలమ్మ వేళ్ళనే చూస్తూ కూర్చుంటుంది.

పోలమ్మ ఆయాగా ఉన్న అంగన్‌వాడీ సెంటరంటే ఒకే గది, ముందు చిన్న వరండా. గోడల మీద ఏనుగు, అరటిపండు, జాతీయ జెండా. తలుపు పక్కన, పిల్లలను ఎవరైనా హింసిస్తే ఫలానా నంబరుకు ఫోను చేయండి అని చెప్పే పోస్టరు. పోస్టరులో నవ్వుతున్న పాప ముఖం ఎండకు సగం వెలిసిపోయింది. గాలి పడమటి నుంచి వీచినప్పుడు, వీధి చివర జీడి బట్టీలోంచి కాలిన పిక్కల వాసన గదంతా నిండుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. పోలమ్మకు ఆ వాసన లేని రోజునే ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది.

టీచరు ప్రసన్నలక్ష్మి స్కూటీ దిగుతూనే అంది.

"పోలమ్మా, ఇవాళ నాలుగింటికి వస్తారట. మెసేజి పెట్టారు."

"ఆ సారేనామ్మా?"

"తాతారావుగారే. ఈసారైనా నోరు విప్పి చెప్పు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకోకు."

పోలమ్మ తల ఊపింది. ప్రసన్నలక్ష్మి హెల్మెట్ తీస్తూ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఏంటి, రవికె మార్చావు?"

"ఉక్కగా ఉందమ్మా."

అది కూతురు భవాని సోంపేట అత్తవారింటికి వెళ్ళేటప్పుడు వదిలేసిన పొట్టిచేతుల రవికె. పోలమ్మ రవికెలన్నిటికీ చేతులు మోచేతి కిందిదాకా ఉంటాయి. కుట్టేవాడు ప్రతిసారీ గుడ్డ చాలదని గొణుగుతాడు, ఆమె ప్రతిసారీ చాలేటట్టు కుట్టమంటుంది. ఇవాళ పొద్దున ట్రంకుపెట్టె అడుగునుంచి ఈ రవికె తీసి, వాసన చూసి, చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేసుకున్నాక పైట భుజాల మీదుగా లాగి గట్టిగా బొడ్డులో దోపుకుంది. పైట కింద ఎడమ చెయ్యి కొత్తగా, ఎవరిదో చెయ్యిలా చల్లగా ఉంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఇవాళ బరువులు తూచే రోజు. పోలమ్మ ఒక్కొక్కరినీ ఎత్తి మిషను మీద నిలబెడుతూంటే టీచరు అంకె చూసి ఫోనులో ఎక్కిస్తోంది. ఐశ్వర్య అనే బొద్దుపిల్ల దిగనని మొండికేసింది. పది అయింది. పోలమ్మ వరండాలోకి వచ్చి వీధి చివరిదాకా చూసింది. పదిన్నరకు మళ్ళీ చూసింది.

"వస్తుందిలే. వాళ్ళమ్మ డ్యూటీకి పోతూ దింపుతుంది కదా" అంది టీచరు. కానీ తల్లి జయశ్రీ బట్టీలో పనికి వెళ్ళేది ఎనిమిదింటికి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మూడు నెలల క్రితం అంతా ఆముదంతోనే బయటపడింది.

పిక్కలు కొట్టేవాళ్ళు చేతులకు ఆముదం రాసుకుని బూడిద అద్దుకుంటారు. పెంకులోంచి చిమ్మే సొన చర్మానికి తగలకుండా అదే వాళ్ళ కవచం. బట్టీ మానేసి ఆరేళ్ళయినా పోలమ్మ ఒక దగ్గుమందు సీసాలో ఆముదం పోసి సెంటరు కిటికీ గట్టు మీద పెట్టుకుంటుంది. మధ్యాహ్నం పని అయ్యాక వేళ్ళకు రాసుకోకపోతే చర్మం పగిలిపోతుంది. ఆ రోజు పిల్లలందరూ నిద్రపోతున్నారు. సాహిత్య ఒక్కతే లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇది ఎందుకు రాసుకుంతావు ఆయమ్మా?"

"పిక్కలు కొట్టినప్పుడు అలవాటే అమ్మీ. సొన కాల్సకుండా."

"ఇది రాసుకుంటే కాలదా?"

"కాలదు."

పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, అటు తిరిగి, గౌను వెనకవైపు పైకెత్తి పట్టుకుంది.

"అయితే ఇక్కడ రాయి. మల్లీ కాలకుండా."

నడుముకు కొంచెం పైన మూడు మచ్చలున్నాయి. ఒకటి మానిపోయింది, ఒకటి పొక్కు కట్టింది, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. మూడూ ఒకే కొలత. అట్లకాడ కొస ఎంత వెడల్పు ఉంటుందో అంత.

జీడిసొన గురించి పోలమ్మకు తెలియనిది లేదు. సొన నీళ్ళలాంటిది. పడ్డచోట ఆగదు, జారుతుంది, వేలి సందుల్లోకి పోతుంది, చెయ్యి ఎక్కడ తాకితే అక్కడికల్లా పోతుంది. కళ్ళు నులుముకుంటే రెప్పల మీద, నోరు తుడుచుకుంటే పెదవి మీద మచ్చ తేలుతుంది. ముందు నల్లబడి, నాలుగో రోజుకు పొరలుగా ఊడుతుంది. అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో గీత గీసి చూపించలేరు. సొనకు అంచు ఉండదు. ఈ మూడు మచ్చలకూ అంచులున్నాయి.

పోలమ్మ సీసా దగ్గరికి లాక్కుంది. వేలితో ఆముదం తీసి, పచ్చిదాన్ని వదిలేసి దాని చుట్టూ రాసింది. పిల్ల గౌను దించుకుని, పెద్ద పని చక్కబెట్టుకున్నదానిలా వెళ్ళి పడుకుంది.

ఆ సాయంత్రమే టీచరుకు చెప్పింది. టీచరు సూపర్‌వైజరుకు చెప్పింది. సూపర్‌వైజరు కాగితం రాసి పంపమంది. పోస్టరు మీది నంబరుకు పోలమ్మ ఫోనులోంచే మాట్లాడారు. అవతలి గొంతు ఏ జిల్లా, ఏ మండలం, పాప పూర్తి పేరు, ఆధార్ నంబరు అని మర్యాదగా అడిగింది. ఇరవై రోజుల తర్వాత జిల్లా పిల్లల రక్షణ ఆఫీసు నుంచి తాతారావు వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, చొక్కా వీపున చెమట మరక, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. పాప తల్లిని పిలిపించాడు. జయశ్రీ బట్టీ నుంచి చేతులకు బూడిదతోనే వచ్చి నిలబడింది.

"పాప వీపు మీద ఇవేంటమ్మా?"

"జీడిసొన సారు. బట్టీ కాడికి వచ్చి ఆడుకుంతాది." ఆమె నేలను చూస్తూ చెప్పింది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు కాదు, నిద్రలో మాట్లాడినట్టు చెప్పింది.

తాతారావు ఫోనులో ఫొటో తీసుకుని పోలమ్మ వైపు తిరిగాడు.

"మీరు జీడి పనిలో చాలా ఏళ్ళు చేశారట కదమ్మా. సొన పడితే ఇలా కాలుతుందా?"

"కాలుద్ది సారు. సొన పడితే కాలుద్ది."

ఆయన అడిగినదానికి అది నిజమైన జవాబే. పోలమ్మ జీవితమంతా అడిగినదానికే జవాబు చెప్పింది. ఇంకో ప్రశ్న వస్తుందని, దానికి చెబుదామని నిలబడి ఉంది. ఇంకో ప్రశ్న రాలేదు. ఆయన రాసుకుని, సాక్షి సంతకం అని కాగితం ముందుకు తోశాడు. వేలిముద్రలు పడనందువల్ల నలభై ఎనిమిదో ఏట పిల్లల పలక మీద ప్రసన్నలక్ష్మి నేర్పిన సంతకం అది. పోలమ్మకు ఆ మూడు అక్షరాలంటే గర్వం. లోకువగా చూడకుండా కలం చేతికిచ్చిన మొదటి ఆఫీసరు ఈయనే. ఆమె జాగ్రత్తగా, మకారం కింద ఒత్తు సరిగ్గా వచ్చేటట్టు సంతకం చేసింది.

పది రోజులకు నకలు వచ్చింది. టీచరు చదివి వినిపించింది. 'జీడి పరిశ్రమలో దీర్ఘకాల అనుభవం గల ఆయా సైతం ఇవి జీడిసొన వలన ఏర్పడిన గాయములేనని ధ్రువీకరించినారు.'

టీచరు ఆ రాత్రే మళ్ళీ అర్జీ రాసింది. అది రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి పాప ఆధార్‌లో చిరునామా నందిగాం మండలంలో ఉందని, అక్కడివాళ్ళు చూసుకోవాలని. రెండోసారి నందిగాం వైపు వాళ్ళు, పాప ఉండేది ఇక్కడ కనుక ఇక్కడివాళ్ళే చూసుకోవాలని. కాగితం అలా తిరుగుతున్నంతకాలం సాహిత్య రోజూ మధ్యాహ్నం నిద్రలోంచి లేచి వచ్చి వీపు చూపించింది. పోలమ్మ రోజూ రాసింది. ఆముదం అట్లకాడను ఆపదని ఆమెకు తెలుసు. రాయనంటే ఎందుకు రాయనో చెప్పాలి. ఒక కొత్త మచ్చతో వచ్చిన రోజున పిల్ల తనే సర్ది చెప్పింది: "నిన్న తక్కువ రాసినావు గావాల."

ఆ మాట పోలమ్మ లోపల ఎక్కడో కూర్చుంది. అన్నం తింటున్నప్పుడు, బస్సులో, స్నానం చేస్తున్నప్పుడు అది అక్కడే ఉంది.

ధనరాజుది, అంటే సాహిత్య తండ్రిది, ఆటో. నెమ్మదిగా మాట్లాడతాడు. ఎండలో నడిచిపోతున్న ముసలివాళ్ళను చూస్తే ఆపి ఎక్కించుకుంటాడు. పోలమ్మను ఎన్నోసార్లు, "పిన్నీ, ఎక్కు, అటే పోతన్నాను" అని పిలిచాడు. తాతారావు వచ్చి వెళ్ళిన వారం కూడా పిలిచాడు. ఆమె ఎక్కింది. అద్దంలోంచి చూస్తూ, "పిల్లలకి సొన తగలకుండా సూసుకోవాల పిన్నీ. నువ్వు కూడా సూత్తుండు" అన్నాడు. దిగేదాకా ఆమె రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని కూర్చుంది.

పన్నెండుకు పిల్లలు అన్నాలకు కూర్చున్నారు. పెంకుతో ఉన్న గుడ్డు కంచంలో అలాగే ఉంది. పోలమ్మ వడ్డన ముగించి, టీచరుతో ఒక్క మాట చెప్పి, వీధిలోకి నడిచింది.

సాహిత్య వాళ్ళ ఇంటికి తాళం వేసి ఉంది. దండెం మీద బట్టలు లేవు, క్లిప్పులు మాత్రం వరసగా ఉన్నాయి. పక్కింటి అరుగు మీద రత్నాలమ్మ నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. పోలమ్మను చూసి చుట్ట నోట్లోంచి తీసి, నిప్పు ఉన్న వైపు చూసుకుని, బూడిద రాల్చింది.

"ఎవరికోసమే? ఎలిపోనారు."

"ఎక్కడికి?"

"సెన్నై అన్నాడు. మల్లీ సూరత్తు అన్నాడు. పొద్దున్న బండికే. ఆటో తమ్ముడికి ఒప్పసెప్పీసినాడు." రత్నాలమ్మ గొంతు తగ్గించింది. "నిన్న సందేళ ఫోనొచ్చినాదట. రేపు నాలుగింటికి వత్తాం, గుంటని ఇంట్లోనే ఉంచండి అని సెప్పినారట. మంచోడే ఆ సారు, ముందుగా సెప్పినాడు. లేపోతే మనిషి పనికి పోను కదా."

పోలమ్మ మళ్ళీ తాళం వైపు చూసింది.

"జయశ్రీ ఏటన్నాది?"

"అదేటంటాది. మూట నెత్తి మీద ఎట్టుకుంది. గుంటే ఏడ్సింది. ఆయమ్మ కాడికి ఎల్లొత్తాను, సీసా తెచ్చుకుంతాను అని ఒకటే గోల. ఏటి సీసా అది?"

"ఆముదం."

"ఆముదమా?" రత్నాలమ్మ నవ్వబోయి, పోలమ్మ ముఖం చూసి మానేసింది. "అయ్య ఎత్తుకుని ఆటోలో కూకోబెట్టినాడు. అక్కడ కొంతానులే అన్నాడు. పేమగానే అన్నాడు."

పోలమ్మ తిరిగి వచ్చింది. ఆ గుడ్డును ఎవరికైనా పెట్టెయ్యమని టీచరు మెల్లగా అంది. ఐశ్వర్యకు పెట్టింది. చల్లారిన గుడ్డు పెంకు సరిగా రాలేదు, తెల్లసొన ముక్కలుగా ఊడింది.

పిల్లలు ఇళ్ళకు పోయారు. నేల తుడిచి, గిన్నెలు తోమి బోర్లించి, చేయడానికి ఇంక ఏమీ లేక వరండాలో కూర్చుంది. పాప లేకపోయినా ఆయన వస్తాడు. వస్తే చెప్పాలి. అందుకే కదా ఈ రవికె.

పందొమ్మిదేళ్ళప్పుడు, పెళ్ళయిన రెండో ఏడు, భర్త సన్యాసిరావు కాల్చిన అట్లకాడ ఆమె ఎడమ జబ్బ మీద ఆనించి పట్టుకున్నాడు. ఎందుకో ఇప్పుడు సరిగా గుర్తులేదు. కూరలో ఉప్పో, ఎదురు మాటో. వాసన మాత్రం గుర్తుంది. ఆస్పత్రిలో నర్సు కట్టు కడుతూ ఏమైందని అడిగితే, "జీడిసొన పడ్డాది" అంది. ఎవరూ నేర్పలేదు. ఆ మాట నోట్లో తయారుగా ఉంది. ఆమె తల్లి కూడా అదే అనేది, బట్టీలో పక్కన కూర్చునే నీలమ్మ కూడా అదే అనేది. ఈ ఊళ్ళో కాలిన ప్రతిదానికీ అదొక్కటే పేరు. నర్సు రాసుకుంది. ఆ తేలిక పోలమ్మకు ఎంత హాయినిచ్చిందో! ఒక్క మాటతో ఇల్లు ఇల్లుగానే నిలబడింది. తర్వాత ముప్ఫై ఏళ్ళకు కిడ్నీలు పాడై సన్యాసిరావు చివరి రోజులకు వస్తే, వారానికి రెండుసార్లు భుజం పట్టి బస్సెక్కించి డయాలసిస్‌కు తీసుకెళ్ళింది. ఆయన చేతిలో సూది గుచ్చేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. ఆ చేతిని ఆమే పట్టుకునేది. ఆ మచ్చ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆయన పోయాక కూడా ఆమె రవికెల చేతులు పొట్టివి కాలేదు.

జయశ్రీ ఆ రోజు నేలను చూస్తూ ఆ మాట అన్నప్పుడు పోలమ్మకు కోపం రాలేదు. సిగ్గేసింది. తన మాటనే ఆమె నోట విన్నట్టు.

తాతారావు ఐదు దాటాక వచ్చాడు. బండి స్టాండు వేసి, ముఖం తుడుచుకుని, ఆలస్యానికి క్షమించమన్నాడు. ఆరు మండలాలకు తానొక్కడే అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ప్రసన్నలక్ష్మి జరిగింది చెప్పింది. ఆయన ఆ ఇంటికి వెళ్ళి, తాళాన్ని ఫొటో తీసుకుని వచ్చాడు.

"ముందుగా ఫోను చేసింది మీరేనా?" అంది టీచరు.

"ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్ళీ తిరగాలని... అలాగే చేస్తాం మేడమ్." ఆయన గొంతు తగ్గింది. ఫైలు తెరిచాడు. "పాప చిరునామాలో లేదని రాస్తాను. ఎక్కడికి వెళ్ళారో తెలిస్తే ఆ జిల్లాకు పంపుతాం."

అప్పుడు పోలమ్మ లేచి నిలబడి, పైట తీసి, ఎడమ చెయ్యి ముందుకు చాపింది. టీచరు నోరు తెరిచి చూస్తోంది. బయటి వెలుతురు ఆ జబ్బ మీద ముప్ఫై ఐదేళ్ళకు మొదటిసారి పడింది. ముదురు గోధుమరంగు మచ్చ, ఒకవైపు గుండ్రంగా, మిగతా మూడువైపులా గీసినట్టు తిన్నగా.

"సూడండి సారు."

తాతారావు వంగి చూశాడు. నిజంగానే చూశాడు. అతని ముఖంలోకి జాలి వచ్చింది.

"అయ్యో. ఎంత కాలిందమ్మా. జీడి పని అంటే ఇంతే కదా."

"సొన కాదు సారు. అంచు సూడండి. సొనకి అంచుండదు. దీనికుంది. ఆ గుంట ఈపు మీద ఉన్నవాటికీ ఉంది. అట్లకాడ అది. నేను సెప్పలేదు. మీరు అడిగినది ఏరు, నేను..."

అతని ఫోను మోగింది. పేరు చూసి ఒక్క క్షణం తటపటాయించి, అరచెయ్యి చూపించి, వరండా చివరికి వెళ్ళి మాట్లాడాడు. మరో ఊరు, మరో పాప. పోలమ్మ చెయ్యి చాపుకునే నిలబడి ఉంది. అతను తిరిగివచ్చాడు.

"మీరు చెప్పింది రాసుకుంటానమ్మా. కానీ పాప ఉంటేనే దానికి విలువ. ఇప్పుడు ఈ కాగితానికి సాక్షి కావాలి." కలం అందించాడు.

పోలమ్మ కలం తీసుకోలేదు.

"సంతకం రాదు సారు."

"పోయినసారి చేశారు కదా!"

"మర్సిపోనాను."

అతను ఇంకు డబ్బా తీశాడు. ఆమె బొటనవేలు అద్ది, చూపించినచోట నొక్కింది. కాగితం మీద నల్లటి మరక పడింది, ఒక్క గీతా లేకుండా. ఇంకోసారి నొక్కించాడు. అదే మరక.

"ఇది పడటం లేదమ్మా."

"పడదు సారు."

అతను ఇంకు డబ్బా మూసేశాడు. తర్వాత టీచరుతో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ప్రసన్నలక్ష్మి పోలమ్మ పైటను తిరిగి ఆమె భుజం మీద కప్పి, స్కూటీ ఎక్కింది.

గాలి తిరిగింది. బట్టీ వాసన వచ్చింది. పోలమ్మ తలుపు వేయబోతూ, వేళ్ళు పగులుతున్నట్టనిపించి కిటికీ దగ్గరికి వెళ్ళి, సీసా ముట్టుకోబోయి ఆగింది. నిన్న మధ్యాహ్నం మూత తనే పెడతానని పట్టుబట్టి పెట్టింది సాహిత్య. అందుకే అది ఓరగా ఉంది. సీసా మెడ కింద, ఆముదం జిడ్డులో, ఒక చిన్న వేలిముద్ర ఉంది, గీతలన్నీ విడివిడిగా కనిపిస్తూ.